నాన్న అడిగిన ఉప్పు

దయ్యాల కబుర్లంటే నాకు ఒళ్లుమంట. ఎవరైనా మొదలుపెడితే లేచి అవతలికి పోయే రకాన్ని. అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే నాకే వింతగా ఉంది.

మాది విజయనగరం వైపు. నాన్న రాయ్‌పూర్ రైల్వేలో చేసి, ఇక్కడే పోయారు. అమ్మ, తమ్ముడు రవి ఈ ఊళ్లోనే గుఢియారీ పేటలో ఉంటారు. నేను పెళ్లయి ఊరి పక్కనే ఉన్న సిల్తారాలో ఉంటున్నాను.

రవికి బైపోలార్ జబ్బు. కొన్నాళ్లు నిద్రే లేకుండా ఊరంతా తిరిగి, కనిపించినవాడికల్లా కొత్త వ్యాపారం చెప్పేవాడు. కొన్నాళ్లు మంచం దిగేవాడు కాదు. లిథియం మాత్రలతో మనిషి నిలబడ్డాడు, ఉద్యోగంలో చేరాడు. డాక్టరు రవికీ నాకూ మొదట్లోనే చెప్పారు, రక్తపరీక్ష మానొద్దు, నీళ్లూ ఉప్పూ తగ్గించొద్దు, తగ్గితే మందు ఒంట్లో పేరుకుని విషమవుతుందని. ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో ఒకరి తర్వాత ఒకరికి రావచ్చని కూడా అన్నారు. ఆ రోజు అమ్మ రాలేదు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం అమ్మావాళ్లింటికి వెళ్లాను. బయట వడగాలి. రవి నీరసంగా కనిపిస్తే ఎండ దెబ్బేమో అనుకున్నాను. ముగ్గురం వంటింట్లో భోజనానికి కూర్చున్నాం.

ముందు గదిలోంచి దగ్గు వినిపించింది. వెంటనే, "అమ్మడూ, ఉప్పు తేవే" అని నాన్న గొంతు. ఏ కూర వండినా మొదటి ముద్దకి ఆయన అనే మాటే అది. ఆలోచించకుండా లేచి, ఉప్పు గిన్నె పట్టుకుని గుమ్మం దాకా వెళ్లాను. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, నాన్న లేరని.

గిన్నెతోనే వెనక్కి తిరిగాను. అమ్మ కంగారుగా లేచింది.

"అయ్యో, ఆడికి ఉప్పెయ్యకే! ఆడి మందు గోలీలు బంద్ అయిపోవాలని, మండలం రోజులు ఆడికి చప్పిడి కూడే పెడతానని మొక్కుకున్నాను. ఆడూ సరేనన్నాడు."

అప్పుడు రవిని సరిగ్గా చూశాను. వేళ్లు వణికి ముద్ద జారిపోతోంది. ఏదో అనబోతే నాలుక మొద్దుబారినట్టు మాట ముద్దగా వచ్చింది.

"నీ మొక్కు మండిపోనూ!" అని అరిచి, వాణ్ణి ఆటోలో పడేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. రక్తంలో లిథియం బాగా పెరిగిపోయిందన్నారు. మాత్ర ఆపి, సెలైన్ పెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేదట.

కోలుకున్నాక రవి అడిగాడు, "అక్కా, నాన్న ఉప్పడిగారు గదా, ఇచ్చావా?"

వాడికి నేనేమీ చెప్పలేదు. ఆ రోజు భోజనాల దగ్గర మా మధ్యే కూర్చున్న అమ్మని అడిగితే, తనకేమీ వినపడలేదంది.

మందు అంత ఎక్కువైతే లేనివి వినపడొచ్చని డాక్టరు రవికి చెప్పారు. సరే, మరి నేను ఏ మాత్రా మింగలేదే? ఇద్దరికీ అదే మాట ఎలా వినపడింది? డాక్టరుని అడగడానికి భయమేసింది. ఒక రాత్రి నిద్ర తక్కువైనా, నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడినా, నాకూ ఆ జబ్బు మొదలైందా అని ఉలిక్కిపడుతున్నాను. నాన్నే వచ్చారనుకుందామంటే అది నమ్మే మనిషిని కాను.

రవి మళ్లీ డాక్టరు చెప్పినట్టే మందు వాడుతున్నాడు, ఉప్పు వేసుకునే తింటున్నాడు. అమ్మ మాత్రం రోజూ భోజనాల వేళకి ముందు గదిలో కుర్చీ పక్కన ఉప్పు గిన్నె పెడుతోంది. తిట్టడానికి నాకు నోరు రావడం లేదు.