చల్లార్చిన రాగిజావ

ఈ ఒక్క విషయంలో నేను గొప్పలు చెప్పుకుంటాను, ఎవరేమనుకున్నా సరే.

రేపల్లెలో మా అత్తగారి వంటకి పెద్ద పేరు. నాది బాపట్ల, నా వంటకి ఆవిడ దగ్గర వంకలు తప్ప మరేమీ దొరకలేదు. అలాంటి మనిషికి కిందటేడు క్యాన్సర్ మాత్రలు మొదలయ్యాయి. పొద్దున టిఫిన్ తిన్న అరగంటలోపు వేసుకోవాలి. వారం తిరక్కుండానే టిఫిన్ పేరెత్తితే వాంతి. ఇడ్లీ వద్దు, ఉప్మా వద్దు, పెసరట్టు వాసనొస్తే పెరట్లోకి పరుగు. చీరకి రెండు కుచ్చిళ్లు ఎక్కువొచ్చేంతగా చిక్కిపోయింది.

తెనాలి డాక్టరుగారు మొహమాటం లేకుండా చెప్పేశారు. "వచ్చే నెలకి బరువు ఇంకా తగ్గితే మాత్రలు ఆపెయ్యాల్సొస్తుందమ్మా." ఆపితే ఏమవుతుందో మేమెవరం అడగలేదు.

మా ఇళ్లల్లో ఒంట్లో బాగోలేనివాళ్లకి ఏదిచ్చినా పొగలు కక్కుతూ ఇవ్వాలి. చల్లారింది పెడితే చిన్నచూపు చూసినట్టు. నేనూ అదే చేశాను. రాగిజావ కాచి, నేతిలో ఇంగువ, కరివేపాకు తాలింపు పెట్టి, పెద్ద గ్లాసు నిండా తెచ్చాను. "వేడి మీదే తాగెయ్యండి అత్తయ్యగారూ" అని దబాయించాను కూడా. గ్లాసు నోటిదాకా వెళ్లకముందే ఆవిడకి కడుపులో దేవింది. నాకు ఒళ్లు మండింది.

"నా చేతిది కాబట్టే దిగట్లేదు మీకు!" అనేశాను.

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. ఛీ, ఏం నోరు నాది! ఆస్పత్రికి ఫోన్ చేసి నర్సమ్మ దగ్గర ఏడ్చాను.

"వేడిగా ఇస్తున్నారా? వేడిదానికి వాసనెక్కువ కదండీ. చల్లార్చి, కొంచెం కొంచెంగా ఇవ్వండి" అంది.

ఇంతేనా! మర్నాడు పొయ్యిని వెనక వరండాలోకి మార్చి, జావ పల్చగా కాచాను. తాలింపు పెట్టకుండా ఉండటానికి ప్రాణం ఒప్పుకోలేదు, అయినా మానేశాను. బాగా చల్లారాక పల్చటి మజ్జిగ, ఉప్పు, నాలుగు చుక్కల అల్లంరసం కలిపి, చిన్న కాఫీ గ్లాసులో సగమే పోశాను. ఒక గుక్క తాగింది. ఆగింది. ఇంకో గుక్క. పావుగంటలో గ్లాసు ఖాళీ చేసి మాత్ర వేసుకుంది. మాత్ర లోపలే ఉండిపోయింది. ఆ తర్వాత విసుగు పుట్టకుండా రోజుకొకటిగా సగ్గుబియ్యం జావ, పెసరపప్పు కట్టు మార్చి మార్చి ఇచ్చాను, అన్నీ చల్లార్చే.

నెల తిరిగాక రైల్లో తెనాలి వెళ్లాం. బరువు తగ్గలేదు సరికదా, కాస్త పెరిగింది.

"మాత్రలు కొనసాగిద్దాం. ఏంటమ్మా, ఏం తాగిస్తున్నారు?" అని డాక్టరుగారు నన్నే అడిగారు. నేను నోరు తెరిచానో లేదో, అత్తగారు అందుకుంది.

"జావండి. తాలింపు లేకుండా, చల్లార్చి. దగ్గరుండి నేనే చెప్పి చేయిస్తానండి. మా కోడలికేం తెలుసు?"

ఔరా! ఇంకో రోజైతే అక్కడే కడిగేసేదాన్ని. కానీ మాత్రలు ఆగలేదు, మనిషి మాకు దక్కింది. పైగా రుచి లేని వంటని చచ్చినా తనదని చెప్పుకునే రకం కాదావిడ.

"అవునండి, అంతా మా అత్తయ్యగారే" అన్నాను, తలెత్తుకుని మరీ.