మూడో ఆదివారం ఇండెక్సు పని

మా ఆసుపత్రిలో ఆదివారం ఓపీ ఉండదు. క్యాజువాల్టీ ఒక్కటే నడుస్తుంది. అందుకే డేటాబేసుకు చేయాల్సిన మరమ్మతులన్నీ ఆదివారం పొద్దున పెట్టుకునేవాళ్ళం. ఆ వేళను ఎంచింది నేనే. కంప్యూటర్లను తక్కువమంది వాడే సమయం ఎప్పుడని చూశానే తప్ప, అది కొందరికి చర్చికి వెళ్ళే సమయమని నాకు తట్టలేదు. నాతో పనిచేసే అతనూ చెప్పలేదు.

డేటాబేసు నాది, సర్వర్లు అతనివి. సీతమ్మధారలో ఉన్న ఆ ఆసుపత్రి మేడ మీద, ఎక్స్‌రే ఫిల్ములు దాచే గదికి పక్కన, మా సర్వర్ గది ఉంటుంది. బయట ఉప్పుగాలికి ఒళ్ళంతా జిడ్డుగా ఉంటే ఆ గదిలో పళ్ళు కొట్టుకునేంత చలి. అమ్మ పాత శాలువా ఒకటి అక్కడే కుర్చీకి వేలాడుతూ ఉండేది. సింహాచలం కొండ కింద మా ఇంటి నుంచి నేను బస్సులో వచ్చేదాన్ని. వన్ టౌన్ నుంచి అతను బండి మీద వచ్చేవాడు. హెల్మెట్ తీసి బల్ల మీద పెడితే పోర్టు బొగ్గుపొడి నల్లటి గుండ్రటి గీతలా పడేది. దాన్ని తుడిచేది నేనే.

మా పనేమిటో మా అమ్మకు ఒకసారి ఇలా చెప్పాను. లావుపాటి పుస్తకం చివర ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పట్టీ ఒకటి ఉంటుంది కదా, ఇండెక్సు అంటే అదే. పుస్తకానికి దాన్ని ఒకసారి రాస్తే చాలు. ఆసుపత్రి పుస్తకం మాత్రం రోజూ పెరుగుతుంది. కొత్త రోగులు వచ్చి మధ్యలో ఎక్కడెక్కడో చేరతారు. నిండిన పేజీలు రెండుగా చీలి, సగం ఖాళీగా, వరస తప్పి పడి ఉంటాయి. వెతకడం నెమ్మదిస్తుంది. అప్పుడు పాత పట్టీని తీసేసి మొదటి నుంచి మళ్ళీ కట్టాలి. ఇల్లు ఊడవడం లాంటిది, ఒకసారి చేసి వదిలేసే పని కాదు. అమ్మ విని, ఆదివారం కూడా ఊడవాలా అని అడిగింది.

అతను నాకు ఎప్పుడు నచ్చాడో కచ్చితంగా చెప్పగలను. మా వైపు కొండ మీది దేవుడి పేరు లేని ఇల్లుండదు. తాతకు అదే పేరు, మనవడికి అదే పేరు. కౌంటర్లో పేరు కొడితే తెర నిండా ఆ ఒక్క పేరే వచ్చేది. వెనక క్యూ పెరిగేది. ఇండెక్సును ఎన్నిసార్లు తిరగకట్టినా లాభం లేకపోయింది. ఒక మధ్యాహ్నం అతను ఎవరికీ చెప్పకుండా వెళ్ళి కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చున్నాడు. తిరిగి వచ్చి, "అక్కడ పేరు ఎవులూ ముందడగడం నేదు. ‘ఏ ఊరమ్మా మీది?’ అంతన్నారు. ఊరు సెప్పాకే పేరు. మనం పేరు ముందెట్టుకుని కూకున్నాం," అన్నాడు.

ఊరు ముందు, ఇంటిపేరు తర్వాత, పేరు ఆ తర్వాత వచ్చేలా ఇండెక్సు కట్టాం. క్యూ తగ్గింది. ఆ రోజు డైరీలో నేను క్యూ గురించి రాయలేదు. మనుషులు ఎలా అడుగుతారో వినడానికి ఒక పూటంతా స్టూలు మీద కూర్చున్న మనిషి గురించి రాశాను.

నేను మాట్లాడే మనిషిని కాను. ఆటో మా సందు దాటిపోతున్నా ఆపమని అడగలేక, ముందెక్కడో ఎవరో దిగినప్పుడు దిగి వెనక్కి నడుస్తాను. మొదట్లో అతను ఏడిపించేవాడు. "నీకన్నా ఈ సర్వరే నయం. కనీసం ఎర్రరైనా సెప్తాది," అనేవాడు. పెద్ద ఇండెక్సు కట్టేటప్పుడు తెర మీద శాతం చీమలా పాకుతుంది. దాన్ని చూస్తూ కూర్చోవడం తప్ప పనేం ఉండదు. ఒకసారి నా సంచిలోంచి నవల బయటికి కనిపిస్తే కథేమిటని అడిగాడు. చెప్పడం మొదలుపెట్టాను. ఇంట్లో ఒక పూటలో అనే మాటలన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టగలిగే నేను ఆ గదిలో నవలలకు నవలలే చెప్పాను. అతను వాళ్ళమ్మ కట్టిచ్చిన చేపల పులుసు అన్నం సగం నా టిఫిన్ డబ్బా మూతలో వేసి, "తరవాతేటైంది?" అని అడుగుతుండేవాడు. ఆదివారాలు అలా గడిచాయి.

పాత సర్వరు డిస్కులు ఒకటొకటిగా చెడిపోవడం మొదలైంది. కొత్త యంత్రం తెప్పించారు. మొత్తం డేటాబేసును దాని మీద మళ్ళీ నిలబెట్టి, ఇండెక్సులన్నీ కొత్తగా కట్టి, పాతదాన్ని ఆపేయాలి. ముందు రెండు మూడు వారాలు రిహార్సల్ చేసుకుని, తర్వాత అసలు పని చేద్దామనుకున్నాం. ఆ పని పూర్తయ్యాక అతనితో చెప్పాలని నేను నిశ్చయించుకున్నాను. ముందే చెప్పి, అతను కాదంటే, ఆ చిన్న గదిలో పక్కపక్కన కూర్చుని పని ఎలా చేస్తాం? అవునంటే మా ఇంట్లో జరిగే గొడవ గురించి కూడా ఆలోచించాను. అమ్మ శనివారం కొండెక్కకుండా మంచినీళ్ళు కూడా ముట్టదు. అయినా నిశ్చయించుకున్నాను.

రిహార్సల్ ఇంకా మొదలుకాని ఒక ఆదివారం అతను యూపీఎస్ చూపించడానికి ఎలక్ట్రీషియన్ కోసం కిందికి వెళ్ళాడు. అప్పుడు ఒకావిడ క్యారియర్ పట్టుకుని, మెట్లెక్కిన ఆయాసంతో తలుపు దగ్గర నిలబడింది. గంజి పెట్టిన తెల్లంచు చీర, చంకలో బైబిలు. అతని తల్లి అని ముఖం చూస్తేనే తెలిసింది.

"నువ్వేనా తల్లీ, మావోడు సెప్పే మేడం? నాను పెద్దామె అనుకున్నాను. సిన్నపిల్లవి," అని నా గడ్డం పట్టుకుంది.

కుర్చీ వేశాను. చలికి ముడుచుకుంటే శాలువా కప్పాను. ఆవిడ తీరిగ్గా అన్నీ చెప్పింది. కొడుక్కి సంబంధం కుదిరిందట. అమ్మాయి అనకాపల్లి వైపు బడిలో టీచరట, పాటలు బాగా పాడుతుందట. వచ్చే ఆదివారం నుంచి చర్చిలో ప్రకటనలట. అంటే ఏమిటని నేను అడిగాను, ఏదో ఒకటి అడగాలి కాబట్టి. మూడు ఆదివారాలు వరసగా ఆరాధనలో పాస్టరుగారు ఇద్దరి పేర్లూ సంఘం ముందు చదువుతారని, ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని అడుగుతారని, మూడోసారి కూడా ఎవరూ లేవకపోతే ఇక పెళ్ళేనని వివరించింది.

"పేరు సదివినప్పుడు పిల్లోడు బెంచీ మీద నేకపోతే బాగోదు గదమ్మా," అంది. "ఆడు నోరిప్పి నిన్నడగడు. పనుందనీసి ఎన్నాళ్ళ నుంచో ఆరాధన మానీసి ఇక్కడికే వత్తన్నాడు. ఆ మూడు వారాలు ఆడ్ని ఒగ్గీ తల్లీ."

అలాగేనండీ అన్నాను.

అతను పైకి వచ్చి తల్లిని చూసి ఆగిపోయాడు. అన్నీ చెప్పేసిందని అర్థమై తల దించుకున్నాడు. తనే చెబుదామనుకున్నానని ఏదో అన్నాడు. నాకు సరిగ్గా వినిపించలేదు. ఆ మూడు వారాలు పొద్దున పని నేను ఒక్కదాన్నే చూసుకుంటానని, అతను ఆరాధన అయ్యాక వస్తే చాలని చెప్పాను. ఒక్కదానివే ఎలా అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. ఆవిడ నా తల నిమిరి, ముల్లు లేని ముక్క చూసి నాకు వడ్డించి వెళ్ళింది.

మొదటి ఆదివారం రిహార్సల్ బాగానే జరిగింది. బ్యాకప్ కొత్త యంత్రం మీదికి వచ్చింది, ఇండెక్సులు కట్టుకున్నాయి. గోడ గడియారం చూస్తూ, ఇప్పుడు పాట పాడుతుంటారు, ఇప్పుడు చదువుతుంటారు అనుకున్నాను. రెండో ఆదివారమూ అంతే. అభ్యంతరం ఉంటే చెప్పమని అడగడం నేను చదివిన కథల్లో వచ్చే ఘట్టంలా ఉంటుందని, అలాంటి చోట ఎవరో ఒకరు లేస్తారని అనుకున్నాను. ఆ ప్రశ్న నన్ను కూడా అడుగుతున్నట్టే ఉండేది. మధ్యాహ్నం అతను వచ్చి మామూలుగానే పని చూసేవాడు. పెళ్ళి మాట అతను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వారం మధ్యలో ఎదురుపడినప్పుడల్లా ఈసారి చెప్పేయాలి అనుకునేదాన్ని. అతను కేబుళ్ళ గురించో, డిస్కుల గురించో అడిగేవాడు. నేను దానికి జవాబు చెప్పేదాన్ని.

మూడో ఆదివారం అసలు పని. పాత సర్వరులో రాతలు ఆపించాను. క్యాజువాల్టీ వాళ్ళను కాసేపు కాగితాల మీద రాసుకోమన్నాను. ఆఖరి బ్యాకప్ తీసి కొత్తదాని మీద నిలబెట్టి ఇండెక్సులు మొదలుపెట్టాను. ఒకటొకటే అయ్యాయి. చివరిది అన్నిటికన్నా పెద్దది, ల్యాబ్ పరీక్షలది. అది సగం దాటి ఆగిపోయింది. జరుగుతున్న ప్రతి పనినీ డేటాబేసు లాగు అనే చిట్టాలో రాసుకుంటూ పోతుంది. ఆ లాగు ఉన్న డిస్కు నిండిపోయింది.

అప్పుడే కింద నుంచి సిస్టర్ ఫోన్ చేసింది. ఒక ముసలాయనకు ఆయాసంగా ఉందట. కిందటి నెల గుండె పరీక్షలు ఇక్కడే చేశారని కొడుకు చెబుతున్నాడట. "ఇంకా ఎంతసేపు మేడం? డాక్టరుగారు అడుగుతన్నారు," అంది.

లాగుకు ఇంకో డిస్కులో చోటు చూపిస్తే పని మళ్ళీ కదులుతుంది. కొత్త యంత్రంలో ఏ డిస్కు దేనికోసం పెట్టాడో అతనికే తెలుసు. ఫోన్ తీసి అతని నంబరు తెచ్చుకున్నాను. గడియారం వైపు చూశాను. పేర్లు చదివే వేళ అది. నేను ఫోన్ చేస్తే అతని జేబులో మోగుతుంది. అతను లేస్తాడు. బెంచీల మధ్య నుంచి, అందరూ చూస్తుండగా, పాస్టరుగారు ఆ ప్రశ్న అడుగుతుండగా బయటికి నడిచి వస్తాడు. నన్నెవరూ తప్పుపట్టరు. కింద రోగి ఉన్నాడు, నిజంగానే పని ఆగిపోయింది. అంత న్యాయమైన కారణం నాకు జన్మలో ఇంకోసారి దొరకదు.

ఆ తల్లి ముఖం గుర్తొచ్చింది. వాణ్ణి వదిలేయమంటూ, ఒగ్గీ తల్లీ అన్న మాట గుర్తొచ్చింది. ఫోన్ బోర్లా పెట్టాను.

పాత సర్వరును చదవడానికి మాత్రం తెరిచాను. సిస్టర్‌కు ఫోన్ చేసి ఏ ఊరని అడిగాను. చెప్పింది. ఆయన పరీక్షలు వెంటనే కనిపించాయి. అంకెలన్నీ ఫోన్లోనే చదివి వినిపించాను, డాక్టరుగారు రాసుకున్నారు. తర్వాత కొత్త యంత్రంలో డిస్కులు ఒక్కొక్కటే తెరిచి చూశాను. ఒకటి ఖాళీగా ఉంది. లాగును అక్కడికి సాగనిచ్చాను. కాసేపటికి శాతం మళ్ళీ కదిలింది.

నేను సంతోషించాలి. పనికి అతను అక్కరలేదని తేలింది. ఇక అతన్ని పిలవడానికి నాకు మిగిలిన కారణం ఒక్కటే, అది చెప్పే వేళ దాటిపోయింది. శాలువా నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. సర్వర్ల ఫ్యాన్ల హోరులో నా ఏడుపు నాకే వినిపించలేదు.

అతను వచ్చాడు. కొత్త చొక్కా, చేతిలో మిఠాయి డబ్బా. డబ్బా బల్ల మీద పెట్టి తెర వైపు వంగి చూశాడు. లాగు ఇంకో డిస్కులో ఉండడం చూసి జరిగింది గ్రహించాడు.

"డిస్కు నిండిపోయిందా? నన్నెందుకు పిలవనేదు?"

"పిలిస్తే వచ్చీవోడివా?"

"అదేటా అడగడం? లేచి వచ్చీసుందును."

"అందుకే పిలవనేదు," అన్నాను.

అతను నవ్వబోయి ఆగిపోయాడు. నా ముఖంలోకి చూశాడు. నేను ఏడ్చానని దాచే ఓపిక నాకు లేదు. కుర్చీ వెనక్కి లాగి, కూర్చోకుండా, దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇయ్యాల కూడా ఎవులూ లేవనేదు," అన్నాడు. "ఎవులైనా వస్తారేమోనని నాను మొదటి వారం తలుపు కేసి సూశాను."

  అంతటితో లేచి వెళ్ళిపోగలిగితే బాగుండేది, కానీ పని మిగిలి ఉంది. పాతదానిలో ఉన్న రికార్డుల వరసలన్నీ కొత్తదానిలోకి వచ్చాయో లేదో చూసుకోవాలి. ఒకరు పాతదాని లెక్క చదవాలి, ఇంకొకరు కొత్తదానితో సరిచూడాలి. అతను పాత సర్వరు ముందు కూర్చుని ఒక్కో పట్టిక పేరు, దాని కింద సంఖ్య చదివాడు. నేను ఆఁ అన్నాను. మధ్యలో ఒకచోట ఒకే పట్టికను రెండుసార్లు చదివాడు. నేను రెండుసార్లూ ఆఁ అన్నాను. తర్వాతి పట్టికకు వెళ్ళాడు. అలా చివరిదాకా చూసుకున్నాం. ఒక్క వరస కూడా తప్పిపోలేదు.

ఇంటి దగ్గర చుట్టాలు భోజనానికి ఎదురుచూస్తుంటారని చెప్పి అతను వెళ్ళాడు. నేను డబ్బా తెరవలేకపోయాను. దాన్ని తీసుకుని కిందికి దిగి క్యాజువాల్టీలో సిస్టర్లకు ఇచ్చాను. ఎవరి పెళ్ళి అని అడిగారు. సర్వర్ సార్‌దని చెప్పాను.

"మరి మీరెప్పుడు మేడం మాకు పెట్టడం?" అంది ఒకామె, నోట్లో మిఠాయితో.

నేను నవ్వి, ముసలాయనకు ఎలా ఉందని అడిగాను. ఆయాసం తగ్గిందని, ఇప్పుడే నిద్రపట్టిందని చెప్పింది.