మంచం మీద ఆమె, నేల మీద ఆయన

కుటుంబ నియంత్రణ మీద జరిగిన ఒక సర్వేలో నేను రెండేళ్లు పనిచేశాను. గుంతకల్లులో పొద్దున్నే బస్సెక్కి వజ్రకరూరు దిక్కు ఊళ్లకు పోయి, పెళ్లైన ఆడవాళ్లను అడిగి రాసుకోవడం నా పని. పిల్లలెందరు, ఏ పద్ధతి వాడుతున్నారు, ఎవరు నిర్ణయించారు. ట్రైనింగ్‌లో ఒకటే మాట నూరిపోశారు: అడగండి, సలహాలు చెప్పకండి.

ఒక ఊళ్లో గొర్రెలు మేపుకునే కుటుంబం. నేను వెళ్లేసరికి అత్తగారు అరుగు మీద వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

"మా కోడలు ఆపరేషన్ చేపిచ్చుకున్యాది. రెండు నెల్లాయ. రాసుకోమ్మా," అంది.

కోడలితో ఒంటరిగా మాట్లాడాలని చెప్పి లోపలికి వెళ్లాను. సన్నగా, పాలిపోయి ఉంది. ఇద్దరు ఆడపిల్లల తల్లి. ఏ ఆసుపత్రి, కుట్లు ఎప్పుడు విప్పారు అని అడుగుతుంటే తలుపు వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నాకు గాదక్కా. మా ఆయప్పకు."

రెండో కాన్పులో ఆమెకు రక్తం చాలా పోయిందట. అందుకే డాక్టర్లు అప్పుడే ఆపరేషన్ చేయకుండా, ఒళ్లు కోలుకున్నాక రమ్మన్నారు. రమ్మన్న రోజు దగ్గర పడేకొద్దీ ఆమెకు భయం. భర్త అన్నాడట, "రెండుతూర్లు కడుపు కోపిచ్చుకుంటివి, సాలు. ఈతూరి నేను పోతా." కానీ మగవాడు చేయించుకున్నాడంటే ఊరు నవ్వుతుంది. అందుకని ఇద్దరూ గుంతకల్లు పోయి, ఆయన చేయించుకుని వచ్చి, ఆమెకే అయిందని చెప్పారు.

"నేనేమో మంచం మింద పండుకుంటి. నొప్పి ఆయప్పకు. పెండ్లాన్ని చూసుకుంటానని ఇంట్లోనే ఉండి, నా మంచం పక్కన నేల మింద పండుకున్యాడు. మా అత్త మూడు దినాలు గొర్రెలు తోలుకోని పాయ. నాకు పెట్టిపోయిన కూడు ఇద్దరం తింటిమి." చెబుతూ చెబుతూ ఆమె కళ్లు తుడుచుకుంది. "ఊర్లో పెండ్లాం కొంగు పట్టుకున్యాడని ఎగతాళి చేసినారక్కా. ఆయప్ప ఒక్క మాట అన్లేదు."

తర్వాత పరీక్షకు వెళ్లారా అని అడిగాను. ఏం పరీక్ష అంది.

నేను పెన్ను పక్కన పెట్టేశాను. మగవాళ్ల ఆపరేషన్ చేసిన వెంటనే పనిచేయదు, మూడు నెలలయ్యాక వీర్యం పరీక్ష చేయించి, అంతా సరిగ్గా ఉందని చెప్పేదాకా నిరోధ్ వాడాలి అని చెప్పాను. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఈ నెల ముట్టయ్యావా అని అడిగాను. మొన్ననే అంది. అప్పుడు ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం.

మధ్యాహ్నం ఆమె భర్త వచ్చాడు. అంతా విని, భుజం మీది తువ్వాలు చేతుల్లో మెలిపెడుతూ నిలబడ్డాడు.

"ఆడ ఆస్పత్రిలో మావూరోళ్లు ఎవురన్నా చూస్తే ఎట్ల మేడమ్?"

"నేను గుంతకల్లులోనే ఉంటాను. ఇద్దరూ రండి, తోడొస్తాను," అన్నాను.

ఆ సాయంత్రం, సలహా చెప్పిన సంగతి సూపర్‌వైజర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. "వాళ్లకు ఆ మాట చెప్పకుండా వచ్చుంటే నేనే తిట్టేదాన్ని," అందామె.

నెల తర్వాత వాళ్లు చిన్నపాపను ఎత్తుకుని గుంతకల్లు వస్తే, ఆసుపత్రికి తోడు వెళ్లాను. రిపోర్టు వచ్చేదాకా ఆయన బెంచీ మీద కదలకుండా కూర్చున్నాడు. డాక్టరు చూసి, ఇక భయం లేదని చెప్పాడు. ఊరివాళ్లు చూస్తారని భయపడిన మనిషి అందరూ వింటుండగానే, "అయితే ఇంగ నిరోధ్ పనిల్యా గదా సార్?" అన్నాడు. ఆమె తల వంచుకుని ఆయన మోచేతి మీద గిల్లింది.

వారం తర్వాత ఆమె ఫోన్ చేసింది. దాచడం చేతగాక ఆయనే తల్లికి చెప్పేశాడట. ముసలామె ఒలుస్తున్న వేరుశనక్కాయలు పక్కకు నెట్టేసిందట. కొడుకు బెదిరిపోయి, "ఏందమ్మా, తప్పు చేసినానా?" అని అడిగాడట.

"తప్పేముండాదిరా. ఆ పిల్ల ఒంట్లో ఇంగ ఏం మిగిలిండాది కోసేకి," అందట తల్లి. "నొప్పి తగ్గిండాదా నీకు?"