సోని ఎంచిన చేతివల

తమ్ముడు ఫల్గుణ నీళ్ళలో మునిగి పోయాక సోని ఇంట్లో చేప వండలేదు. పొయ్యి పైన తడిక మీద ఆరబెట్టిన పాత ఎండుచేపల్ని కూడా ఆమె తల్లి సోములమ్మ మూటగట్టి పక్కింటికి ఇచ్చేసింది. కొడుకుని మింగిన నీటిలో పుట్టింది ఏదీ తన నోట్లోకి వెళ్ళదని తేల్చి చెప్పింది.

సోని పుట్టిందీ, కాపురం చేస్తున్నదీ కొండల మధ్య ఉన్న ఒక జలాశయం ఒడ్డునే. ఆనకట్ట కట్టిన కాలంలో తాతల పల్లపు పొలాలు నీటి కిందికి పోయాయి. మిగిలిన కొండవాలులో చోళ్ళు, పసుపు, ఇంటి వెనక నాలుగు కాఫీ మొక్కలు. వాటితో ఏడాది గడవదు. అందుకే ఆమె భర్త సోంబరు, తమ్ముడు ఫల్గుణ కలిసి గాలాలు వేసేవారు. కొండ దాటి అవతలికి వెళితే నీళ్ళు సన్నటి పాయగా అడవిలోకి చొచ్చుకుపోయిన చోటుంది. అక్కడికి దారి లేదు, ఒంటి కాలిబాటే. చెట్టు మానుని తొలిచి చేసుకున్న దోనెను అక్కడే ఒక చెట్టుకి కట్టి ఉంచేవారు. కూర్చున్నంతసేపూ ఆ దోనె మాట వింటుంది. మనిషి లేచాడా, ఇక దాని ఇష్టం.

ఆ రోజు గాలానికి పెద్ద వాలుగ పడింది. దోనె పక్కకి వచ్చి తన్నుకుంటుంటే, ఎక్కడ తప్పించుకుపోతుందోనని ఫల్గుణ లేచాడు. వంగి రెండు చేతులూ చేప మొప్పల్లోకి దూర్చాడు. దోనె ఒరిగింది. సోంబరు ఎలాగో ఒడ్డుకి ఈదుకొచ్చాడు. గాలాల తాడు కాళ్ళకి చుట్టుకుని ఫల్గుణ రాలేకపోయాడు. మర్నాడు ఊరివాళ్ళు వెళ్ళి, దోనెని ఎప్పటి చెట్టుకే కట్టేసి, శవాన్ని తీసుకొచ్చారు.

ఆ తర్వాత సోంబరు నీళ్ళ వైపే వెళ్ళలేదు. కాఫీ తోటల్లో కూలికి పోయేవాడు, తిరిగొచ్చి గోడకి ఆనుకుని కూర్చునేవాడు. పిలిస్తే పలికేవాడు, అంతే. సోనికి తమ్ముడు పోయిన దుఃఖం ఒకపక్క, ఈ మనిషి మౌనం ఒకపక్క. ఆ రోజు దోనెలో ఏం జరిగిందో అడగాలనిపించేది. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని ఊరుకునేది.

వేసవి మొదట్లో ఒక పొద్దున్న చూసేసరికి సోంబరు గుమ్మంలో కూర్చుని గాలాలు సానపడుతున్నాడు.

"ఏటి సేత్తన్నావు?" అంది సోని.

"సూత్తన్నావు కదా."

"మళ్ళీ ఎల్తావేటి?"

అతను తల ఎత్తలేదు. "ఎల్లకపోతే ఎలగ? ఇక్కడ కూకుంటే ఆడు ఇంకా నీల్లలోనే ఉన్నట్టుంటాది నాకు. కళ్ళు మూత్తే అదే."

లోపల తల్లి దగ్గుతోంది. సోని అతని పక్కన కూర్చుని ఒక గాలం చేతిలోకి తీసుకుంది.

"ఎల్తే ఎల్లు," అంది. "దోన్లో మాత్రం లేవకూడదు. సేప కోసం వంగకూడదు. కూకున్నకాడే కూకుని సేపని తీసే వల ఉంటాదంట కదా, పిడి ఉన్నది. అది కొన్నాకే ఎల్లాల. నానే సూసి కొంటాను."

సంత రోజున ఇద్దరూ జీపెక్కి అరకు వెళ్ళారు. సంత చివర సముద్రం వైపు నుంచి వచ్చిన పైడయ్య అనే ఆయనకి వలల దుకాణం ఉంది. సోని చెప్పింది విని, గుండ్రటి చట్రానికి సంచిలా వేలాడే పెద్ద వలని తీసి చూపించాడు. పొడవాటి వెదురు పిడి.

"ఎంత సేపైనా ఇందులోకి వొచ్చెత్తాది తల్లీ," అన్నాడు.

సోని దుకాణంలో ఉన్న రెండు బల్లల్ని దగ్గరగా జరిపింది. "దోనె ఇంతే ఎడల్పు ఉంటాది," అని, సోంబరుని వాటి మధ్య నేల మీద కూర్చోమంది. పైడయ్య ఆశ్చర్యపోయినా అడ్డు చెప్పలేదు. సోంబరు వల పట్టుకుని పక్కకి తిప్పబోతే పిడి రెండో బల్లకి తగిలింది. చట్రాన్ని చేప దగ్గరికి తేవాలంటే మోకాళ్ళ మీద లేవాల్సి వస్తోంది.

"ఇది వొద్దు. కొండ బాటలో కూడా ప్రతి కొమ్మకీ పట్టుకుంటాది," అంది సోని.

రెండోది గొడుగులా మడిచే వల. చాలా తేలిక, భుజం సంచిలో పట్టేస్తుంది. సోంబరు ముఖం కొంచెం విప్పారింది. కానీ సోని అక్కడున్న, వలల అంచుకి కట్టే సీసపు గుళ్ళ సంచిని అందులో పెట్టి, ఎత్తమంది. అతను ఎత్తగానే పిడి దగ్గర కీలు వంగి, చట్రం సగం ముడుచుకుపోయింది.

"నీల్లలో ఇలగే అయితే, బాబూ?"

పైడయ్య ఇబ్బందిగా నవ్వాడు. "పెద్ద సేప పడితే నాను సెప్పలేను."

మూడోది మడవడానికి వీల్లేదు. చట్రం చిన్నది, బలమైనది. మర తిప్పితే ఊడే పొట్టి పిడి. దారం వలకి బదులు రబ్బరులాంటి మెత్తటి వల. గాలం దానికి చిక్కుకోదని పైడయ్య గాలం గుచ్చి లాగి చూపించాడు. పిడి ఊడదీస్తే వీపున కట్టుకోవచ్చు. సోంబరు బల్లల మధ్య కూర్చుని తిప్పాడు. ఎక్కడా తగల్లేదు. సీసం పెట్టి ఎత్తితే వంగలేదు.

"ఇదే," అంది సోని.

సోంబరు చట్రంలోంచి చెయ్యి దూర్చి చూశాడు. "సిన్నది. వాలుగ పట్టదు ఇందులో."

"పట్టకపోతే వొదిలీ."

"సోనీ, ఆడు పట్టినాది వాలుగే. అలగాంటిది ఒకటైనా తేవాల నాను."

"అందుకే ఇది కావాలంతన్నాను. పెద్దది పడితే ఒగ్గీయాల. అంతే."

అతను వలని బల్ల మీద పెట్టేసి బయటికి వెళ్ళి నిలబడ్డాడు. సోని వెనక వెళ్ళలేదు. పైడయ్య వల చుడుతూ, ఎవరు పోయారని మెల్లగా అడిగాడు. తమ్ముడు అని చెప్పింది. ఆయన తల ఊపి, చట్రం చుట్టూ ఇంకో వరస గట్టి తాడు అల్లి ఇచ్చాడు.

సోంబరు చేపలకి వెళ్ళిన రోజున సోని కూడా బయల్దేరింది. సోములమ్మ గుమ్మంలోకి రాలేదు, గోడ వైపు తిరిగి పడుకుంది. కొండెక్కి దిగి పాయ దగ్గరికి చేరి, కట్టు విప్పి దోనె ఎక్కారు. ఎక్కడ జరిగిందో అతను చెప్పలేదు. దోనె ఒక మలుపు దగ్గరికి రాగానే తెడ్డు ఆగిపోయిన తీరు చూసి ఆమెకే తెలిసింది.

ముందు పడింది వాలుగే. తాడుని సరసరా లాక్కుపోయి, మళ్ళీ దోనె పక్కకి వచ్చింది. సోంబరు కూర్చునే వల ముంచాడు. తల లోపలికి వచ్చింది, సగం ఒళ్ళు బయటే ఉండి నీటిని చితక్కొడుతోంది. దోనె ఊగింది. అతని మోకాలు పైకి లేవడం సోని చూసింది.

"కూకో!" అని అరిచింది. అరుపు కొండకి తగిలి తిరిగొచ్చింది. "కూకో, ఒగ్గీ!"

సోంబరు ఒక్క క్షణం ఆమె వంక చూశాడు. వల వెనక్కి లాగి, తాడుని కత్తితో కోసేశాడు. చేప తోక ఒక్కసారి కనబడి లోపలికి జారిపోయింది. అప్పుడతను తెడ్డు ఒళ్ళో పెట్టుకుని బావురుమన్నాడు. ఫల్గుణని మోసుకొచ్చిన రోజున కూడా ఏడవని మనిషి. సోని కదలకుండా కూర్చుంది. దగ్గరికి వెళ్ళాలంటే దోనెలో లేవాలి.

సాయంత్రానికి చిన్న బొచ్చె చేప ఒకటి పడింది. వల దాన్ని సులువుగా ఎత్తింది.

ఇంటికొచ్చాక సోములమ్మ ఆ చేపని చూసి, "పెద్దది పడలేదేటి?" అని అల్లుడిని అడిగింది.

"పడినాది అత్తా. ఒగ్గీసినాను."

ముసలామె కత్తిపీట దగ్గరికి లాక్కుని తనే పొలుసు గీకింది. కూర మాత్రం ముట్టలేదు. చోడి అంబలి తాగి పడుకుంది.

సోంబరు ఇప్పుడు మళ్ళీ వెళుతున్నాడు, చాలాసార్లు ఒంటరిగానే. దోనెలో లేవడని సోనికి నమ్మకమే. అయినా అతను కొండ ఎక్కిన రోజున ఆమె చేతికి ఏ పనీ సాగదు. పసుపు మళ్ళో కలుపు తీస్తూ తీస్తూ, బాట వైపు చూస్తూ ఉండిపోతుంది.