మా అన్న లెక్కలో మొదటి సినిమా

మొన్న ఆదివారం మా మనవలిద్దరూ అంతరిక్షంలో తిరిగే ఆ ఇంగ్లీషు సినిమాల వరసలో ఏది మొదటిది, ఏది రెండోది, పక్క కథతో వచ్చినదాన్ని లెక్కలో వేసుకోవాలా వద్దా అని జుట్లు పట్టుకునేదాకా వచ్చారు. నేను మాత్రం చిక్కుడుకాయలు ఒలుస్తూ నాలో నేనే నవ్వుకున్నాను, ఇదే తగవుతో ఎనభైల మొదట్లో నా పెళ్లి తప్పిపోబోయింది మరి.

మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఇంగ్లీషు సినిమా మద్రాసులో ఆడి ఆడి, ప్రింటు అరిగిపోయాక గానీ మా పుట్టిల్లు తిరుపతికి వచ్చేది కాదు, అదీ ఏ ప్రింటు ఖాళీగా దొరికితే అది. అలా ఆ వరసలో రెండోది ముందొచ్చి, మొదటిది మరుసటి ఏడు వచ్చింది. ముందు చూసినదాంట్లో చనిపోయిన ముసలి కెప్టెను తర్వాతిదాంట్లో నిక్షేపంగా తిరుగుతుంటే ఎవరికీ వింతనిపించలేదు. పురాణాల్లో చచ్చినవాళ్లు లేచి రాలేదా ఏమిటి? మా అన్నయితే కెప్టెను చచ్చేదాకా ఒక జట్టు, బతికొచ్చాక ఒక జట్టు అని సినిమాలను విడగొట్టి మరీ చెప్పేవాడు.

పెళ్లిచూపులకు చిత్తూరు నుంచి వచ్చిన ఈయన, కాఫీ తాగుతూ అన్న నోట ఆ మాట విని, మీరు వెనకది ముందు చూశారని మెల్లగా అన్నారు.

"యాడప్పా! ముసలాయన సచ్చింది మేము కండ్లారా సూసినాం, ఆమైన గదా, మరుసటేడు, బతికొచ్చినాడు!" అని అన్న లేచి నిలబడ్డాడు.

"మా చిత్తూరుకు సరిగానే వచ్చినాయన్నా, మీరే తలకిందులుగా సూసినారు" అని ఈయనా తగ్గలేదు.

ఈయన తల్లి ముఖం ముడుచుకుని చెంగు సర్దుకుంది. అంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ ఏదో ఒక వంకతో తప్పిపోయాయి, పైగా ఈయన నాకు నచ్చారు. తలుపు వెనక నుంచి నేను అన్నకు ఊరుకోమని సైగలు చేశాను. చివరికి నాయనే అడ్డుపడి, "ముసలాయన ఏదో ఒకదాంట్లో బతికే ఉండాడు గదప్పా, మనకది చాల్లే, బజ్జీలు సల్లారిపోతా ఉండాయి" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వుల్లోనే సంబంధం ఖాయమైంది.

పెళ్లయ్యాక ఆ వరసలో ఏ కొత్త సినిమా వచ్చినా ఈయన తిరుపతి బస్సెక్కేవారు. బావా బావమరుదులు కలిసి చూసి వచ్చి, అన్నం ముందు కూర్చుని మళ్లీ అదే తగవు. ఈయన ఎంత మొత్తుకున్నా అన్న ఆ కొత్తదాన్ని కూడా తన రెండు జట్లలో ఏదో ఒకదాంట్లో ఇరికించేవాడు.

అన్న పోయినేడు కాలం చేశాడు. మొన్న మనవడు ఫోన్లో సినిమాల వరసంతా తీసి తాతకు చూపించాడు. అంతా ఈయన చెప్పినట్టే ఉంది. కాసేపు చూసి, "మీ అన్న ఉంటే దీన్నీ ఒప్పుకోడు" అని ఫోను తిరిగి ఇచ్చేశారు.

ఇప్పుడు ఏ సినిమా అయినా అన్ని ఊళ్లకూ ఒకే రోజు వస్తోంది, పొరపాటు పడదామన్నా వీల్లేదు. ఇన్నేళ్ల తగవులో ఈయనే గెలిచారు గానీ, ఆ మాట చెప్పుకోవడానికి తిరుపతిలో మనిషి లేడు.