సోఫా వీపు

మిషనమ్మ అన్నది ఆవిడ పేరు కాదు, ఆడపడుచు తగిలించిన వెటకారం. కర్టెన్ల కొట్టులో కుడుతుంది కాబట్టి అలా పిలిచింది. పిలిచి పిలిచి వీధంతా అంటించింది.

వాళ్లది అద్దె ఇల్లు. హాలంటే ఒక పొడుగాటి గది, మధ్యలో గోడ లేదు. వీధి తలుపు వైపు సోఫా, వంటగది వైపు భోజనాల బల్ల. ఆ సోఫా ఆడపడుచుది. కొత్తది కొనుక్కుని, పాతది పారెయ్యడానికి మనసొప్పక తమ్ముడి నెత్తిన రుద్దింది. ఇచ్చిన పాపానికి అది ఎటు తిరిగి ఉండాలో కూడా తనే చెబుతుంది. తలుపు తియ్యగానే వచ్చినవాళ్లకి ముందువైపు కనపడాలట. దాంతో చిరిగిన గోనెపట్టా, తుప్పు మేకులు ఉన్న వీపు బల్ల వైపుకి తిరిగింది. మిషనమ్మ ఏళ్ల తరబడి ఆ మేకులు చూస్తూనే తింది.

అంతకన్నా ఒళ్లు మండే సంగతి ఇంకొకటుంది. ఆవిడ సొంత కుట్టుమిషను బాల్కనీలో వానకి తడుస్తోంది. "చుట్టాలొచ్చే హాల్లో ఆ డొక్కు మిషనేంటి?" అని ఆడపడుచు ఒక్క మాట అంటే, మొగుడు కిక్కురుమనకుండా మోసుకెళ్లి బయట పెట్టాడు. కొట్టులో చూస్తే పని సగానికి పడిపోయింది. ఇంటి దగ్గర కుడితేనే ఆవిడ చేతిలో నాలుగు రాళ్లు ఆడేది. హాల్లో బల్ల వైపున్న కిటికీ పక్కన మిషనుకి చోటు కావాలి. ఆవిడ పట్టు అదొక్కటే.

"అడ్డంగా తెర కట్టుకో. మిషన్ కనపడకపోతే అక్క ఏమీ అనదు. డబ్బులు మాత్రం నన్నడక్కు" అన్నాడు మొగుడు.

అడగలేదు. ఎవరో ఆర్డరిచ్చి వద్దని వదిలేసిన పూల గుడ్డని కొట్టు యజమాని ఊరికే ఇచ్చాడు. పక్కింటివాళ్ల డబ్బా అడుగున మిగిలిన రంగుతో ఒక గోడకి లేత పసుపు వేసింది. చిల్లు బుట్ట బోర్లించి బల్బుకి తొడిగింది. బల్ల కాళ్లని గరుకు కాగితంతో రుద్ది రుద్ది నున్నగా చేసింది. ఇంత జరుగుతున్నా మొగుడు ఫోన్లోంచి తల ఎత్తలేదు.

పేచీ తెర దగ్గరొచ్చింది. గదిని రెండు చేసే తెర రెండువైపులా కనపడుతుంది. ఆ గుడ్డకేమో పూలు ఒకవైపే, వెనకంతా దారప్పోగులు. రెండు పొరలు కలిపి కుట్టడానికి గుడ్డ చాలదు. కొట్టులో నేర్పిన పద్ధతి ప్రకారం మంచి వైపు వచ్చినవాళ్లకి చూపించాలి. ఎన్ని ఇళ్లలో అలాగే వేలాడదీసిందో ఆవిడకే గుర్తులేదు. స్టూలెక్కి, కిందున్న సోఫా వీపు వైపు ఒకసారి చూసింది. పూలు తన వైపుకి తిప్పుకుని తగిలించింది.

ఆదివారం ఆడపడుచు వచ్చింది. గుమ్మంలోనే మొహం చిట్లించింది.

"ఏంటిది, తిరగేసి తగిలించావు? ఊరందరికీ కర్టెన్లు కుడతావు, ఆ మాత్రం తెలీదా?"

"తెలుసు వదినా. పూలు నావైపు పెట్టుకున్నా."

"మరి వచ్చినవాళ్లు ఈ పీచు చూడాలా?"

"మీ సోఫా వీపు ఇన్నేళ్లూ నేను చూళ్లేదా?"

మొగుడు గబగబా స్టూలు లాక్కొచ్చాడు. "ఇప్పుడే తిప్పేస్తానక్కా" అని రాడ్డు మీద చెయ్యి వేశాడు. మిషనమ్మ కత్తెర తీసి గుడ్డ అంచుకి ఆనించింది.

"తిప్పితే నిలువునా కోసేస్తా."

"దీనికి పొగరు తలకెక్కిందిరా! నా సోఫా నాకు పంపించెయ్. నేల మీద కూర్చుంటే అప్పుడు తెలిసొస్తుంది" అంది ఆడపడుచు. ఆ బెదిరింపు ఇన్నాళ్లూ బాగానే పనిచేసింది.

"ఇవాళే తీసుకెళ్లండి. బండి నేను పిలుస్తా."

బండి వచ్చింది. సోఫా ఒక కొస పట్టుకుని గుమ్మం దాటిస్తూ, "చుట్టాలొస్తే ఎక్కడ కూర్చోబెడతావే?" అన్నాడు మొగుడు.

"అంత బెంగైతే మీరూ దాంతోపాటే ఎక్కండి."

ఎక్కలేదు.

మిషనమ్మ తెర పీకేసింది. బాల్కనీలోంచి మిషను ఒక్కతే ఈడ్చుకొచ్చి, కిటికీ పక్కన కాదు, సోఫా ఉన్నచోట, తలుపు తియ్యగానే కనపడేలా పెట్టింది. నూనె పోసి తొక్కితే కీచుమంది. గెలిచానన్న సంతోషమేమీ రాలేదు. కోపం మాత్రం అలాగే ఉంది, అది చల్లారడం ఆవిడకి ఇష్టం లేదు.

గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్న మొగుడు, "ఆ చప్పుడు కాస్త ఆపుతావా?" అన్నాడు.

ఆపలేదు.