హావెల్‌లాండ్ గడ్డిలో బట్టమేక పిట్ట

మా అన్నయ్య నందికొట్కూరులో బడిపంతులు. ఆదివారం వస్తే కెమెరా భుజాన వేసుకుని రోళ్ళపాడు గడ్డిమైదానానికి వెళ్ళేవాడు, అంతరించిపోతున్న బట్టమేక పిట్ట కోసం. పదేళ్ళు తిరిగినా ఒక్కటీ కనిపించలేదు. కనిపించని ప్రతిసారీ ఖాళీ గడ్డిని ఒక్క ఫోటో తీసుకుని, ఇంటికి ఫోన్ చేసి "ఈ పొద్దూ ఆబ్సెంటే" అనేవాడు. పోయినేడు గుండెపోటుతో పోయాడు. ఆ కెమెరా నా చేతిలో పెడుతూ వదిన, "పదేండ్లు వట్టి గడ్డినే చూసొచ్చె మీ అన్న. నువ్వన్నా ఆ పిట్టను ఫోటో తీసి పంపు అబ్బీ" అంది. నేనుండేది స్టుట్‌గార్ట్‌లో. బట్టమేకకు దాయాది లాంటి పిట్ట ఒకటి బెర్లిన్ పక్కన హావెల్‌లాండ్ పచ్చిక బయళ్ళలో ఉందని తెలిసి, ఏప్రిల్‌లో బయలుదేరాను.

శనివారం రైల్లో ఆరు గంటలు కూర్చుని బెర్లిన్ చేరాను. ఆదివారం పొద్దున్నే అక్కడినుంచి రాటెనో ఊరికి ప్రాంతీయ రైలు, సుమారు గంట ప్రయాణం. దేశమంతా ప్రాంతీయ రైళ్ళకు చెల్లే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ సరిపోతుంది. మంచులో జింకలు మేస్తున్నాయని కిటికీ దగ్గర కెమెరా ఎత్తితే, లోపల మెమరీ కార్డు లేదు. రాత్రి ఖాళీ చేద్దామని లాప్‌టాప్‌కు పెట్టి హోటల్లోనే వదిలేశాను. తెలివి తెల్లారినట్టే ఉంది. సంచి జేబులో, కెమెరాతోపాటు వచ్చిన అన్నయ్య కార్డు మాత్రం ఉంది. ఆర్నెల్లుగా దాన్ని కాపీ చేసుకోవాలనుకుంటూనే ఉన్నాను, తెరవడానికి ధైర్యం చాలక అలాగే ఉంచాను. ఇప్పుడు పెట్టి చూస్తే నిండుగా ఉంది. ఒక్క ఫోటోకి కూడా చోటు లేదు.

ఆదివారం అటువైపు బస్సులు తక్కువ, టాక్సీని ముందే చెప్పుకోవాలి. పరిశీలన మంచె దాకా ముప్పై ఎనిమిది యూరోలైంది. దారిలో కార్డు దొరికే దుకాణం ఉందా అని డ్రైవర్‌ను అడిగాను. "ఆదివారం కదా, రొట్టె దొరుకుతుంది. అంతే" అన్నాడు. ఎర్ర ఇటుకల పాత చర్చి, దాని పక్కింటి పొగగొట్టం మీద కొంగల గూడు, ఆ వెనక కంటికానినంత మేర గడ్డి. అన్నీ కళ్ళతోనే చూసుకున్నాను.

మంచె మీద హెల్గా అనే పెద్దావిడ బైనాక్యులర్స్‌తో కూర్చుని ఉంది. పిట్టల కాపలాకు స్వచ్ఛందంగా వస్తుందట. "ఇక్కడా అయిపోయాయనే అనుకున్నాం. గుడ్లు తెచ్చి పొదిగించాం, నక్కలు రాకుండా కంచెలు కట్టాం" అని చెప్పి ఫ్లాస్కులో కాఫీ పోసింది. రెండు గంటలు కూర్చున్నాక నా మోచేయి తట్టింది.

దూరంగా ఒక మగపిట్ట రెక్కలు తిరగేసి, తోకను వీపు మీదికి మడిచింది. చిరిగిన దిండులోంచి దూది పొంగినట్టు ఒళ్ళంతా తెల్లగా అయిపోయింది. ఫోన్‌తో తీస్తే తెల్ల చుక్క పడింది. కార్డు సంగతి చెప్పాను.

"అన్నీ గడ్డి ఫోటోలే అంటున్నారు. ఒకటి తీసేయండి. అది మీకోసం ఆగదు" అంది హెల్గా.

గబగబా వెనక్కి తిప్పాను. ఎండాకాలం గడ్డి, వాన తర్వాత గడ్డి, మళ్ళీ ఎండ. ఒక్కొక్కటీ అన్నయ్య బతికిన ఒక ఆదివారం. వాటిలో ఒక్కటే, నింగీ నేలా కలిసే గీత బాగా పక్కకి ఒరిగింది. అన్నయ్య అలా తీయడు, చెయ్యి జారి నొక్కుకుని ఉంటుందనుకున్నాను. దాన్ని తీసేశాను. పిట్ట పడింది, నిండుగా, స్పష్టంగా.

మధ్యాహ్నం హోటల్‌నుంచి పంపగానే వదిన ఫోన్ చేసింది. ఏడుస్తూనే నవ్వింది.

"ఎంత బాగుండాది అబ్బీ. మీ అన్న చూసింటే ఆ పొద్దు అన్నం కూడా తినుండడు." తర్వాత, "ఆ కార్డులో నేను తీసింది ఒకటుంటాది. ఒకేఒక్కసారి నన్నూ పిల్చుకోని పోయినాడు. కెమెరా పట్టుకొనేది రాక వంకరగా వచ్చినాది. తుడిపెయ్యి అంటే మీ అన్న ఒప్పుకోలే. అది పంపు, నాకు కావాల" అంది.

"వదినా, దాన్ని తీసేసే ఈ పిట్టను తీసినా" అన్నాను.

"పోనీలే అబ్బీ. పిట్ట వచ్చినాది గదా" అంది. కోప్పడినా బాగుండేదనిపించింది.

స్టుట్‌గార్ట్ వచ్చాక, చెరిపేసిన ఫోటో మళ్ళీ వస్తుందా అని ఒక కెమెరా దుకాణంలో అడిగాను. పాత ఫోటో చోటులోనే కొత్తది కూర్చుంది, ఇక రాదన్నారు. ఇప్పుడు గోడమీద పిట్ట బొమ్మ పెట్టుకున్నాను. చూసినవాళ్ళంతా మెచ్చుకుంటారు. పదేళ్ళ నిరీక్షణలో ఒక్కరోజు అన్నయ్య పక్కన మనిషి తోడుంది, నేను వెతికి వెతికి ఆ రోజునే చెరిపేశాను. అన్నయ్య హాజరు పట్టీలో ఇప్పుడు పిట్ట ఉంది, వదిన లేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఏప్రిల్ మంచి నెల, తెల్లవారి మంచు విడిచేలోపు మంచె ఎక్కండి. ఆదివారం దుకాణాలుండవు, అదనంగా ఒక ఖాళీ కార్డు పెట్టుకోండి. మీ సంచిలో పోయినవాళ్ళ కార్డు ఉంటే, బయలుదేరే ముందే కాపీ చేసి, ఇంట్లోవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఏ ఫోటో ఎవరిదో వాళ్ళే చెబుతారు.